అసలు, నకలు: రియాద్‌లో తొలి ముద్రణల వేట



గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన వాడిని రేడియోకి పిలిస్తే సాధారణంగా వీసాల గురించి, ఏజెంట్ల గురించి, ఎడారి ఎండ గురించి అడుగుతారు. ఈ రేడియో వాళ్ళు కూడా మొదట అదే అడిగారు. వాటి గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను వేరే విషయం చెబుతానన్నాను. రియాద్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో 1998 నుంచి 2014 వరకు స్టోర్ కీపర్‌గా పనిచేశాను. ఆ పదహారేళ్ళలో నాకు అంటుకున్న ఒక పిచ్చి గురించి ఇవాళ మాట్లాడతాను. నవలల తొలి ముద్రణలు సేకరించడం.

తొలి ముద్రణ అంటే ఏమిటి? ఒక పుస్తకం మొట్టమొదటిసారి అచ్చయినప్పుడు ప్రెస్సులోంచి బయటికొచ్చిన ప్రతుల్లో ఒకటి. అందులో ఉన్న కథే పదో ముద్రణలోనూ ఉంటుంది కదా, దానికి అంత ఆరాటం ఎందుకని మా ఆవిడ చాలాసార్లు అడిగింది. అన్నిసార్లూ అదే కథ ఉండదు, అందుకే. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' సంగతే చూడండి. 1922లో అచ్చయింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. తర్వాత కొన్ని భాగాలు తీసేస్తే అచ్చు వేసుకోవచ్చని సర్కారు వారు సెలవిచ్చారు. మళ్ళీ నిషేధం వచ్చింది. 1937లో రాజాజీ మంత్రివర్గం ఏర్పడ్డాక గాని ఆ పుస్తకానికి విముక్తి దొరకలేదు. రచయిత అసలు ఏం రాశాడో తెలియాలంటే ఆ మొదటి ప్రతి ఎక్కడో ఒకచోట బతికి ఉండాలి. ఎవరో ఒకరు దాన్ని దాచి ఉండాలి. సేకరణ అనే పనికి నాకు తెలిసిన గట్టి కారణం ఇదే. మిగిలినదంతా సరదా, కొంత స్వార్థం కూడాను.

మన తెలుగు పుస్తకాల్లో తొలి ముద్రణని పోల్చుకోవడం సులువే అనిపిస్తుంది. రెండో పేజీలో 'ప్రథమ ముద్రణ' అని ఉంటుంది, నెల, సంవత్సరం ఉంటాయి, 'ప్రతులు 1000' అని లెక్క కూడా వేస్తారు. ఈ ప్రతుల లెక్క వేసే మంచి అలవాటు నేను చూసిన ఇంగ్లీషు పుస్తకాల్లో లేదు, అరబ్బీ పుస్తకాల్లోనూ లేదు. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. ప్రచురణకర్త మారగానే లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది. ముప్పై ఏళ్ళ క్రితం ఒకరు వేసిన నవలని ఇవాళ మరొకరు వేసి 'మా ప్రథమ ముద్రణ' అంటారు. అందులో అబద్ధం ఏమీ లేదు. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాడు మాత్రం ఆ 'మా' అనే మాటని చూడడు. ఇంకా పాత పుస్తకాలైతే సంవత్సరం అంకెల్లో ఉండదు, 'ఖర నామ సంవత్సరం' అని ఉంటుంది. ఖర అరవై ఏళ్ళకోసారి వస్తుంది కాబట్టి, ఏ ఖరో కాగితాన్ని, అక్షరాల అచ్చుని చూసి తేల్చుకోవాలి.

ఇక సౌదీకి వెళదాం.

నేను అరబ్బీ చదవడం ఎలా నేర్చుకున్నానని అడుగుతారేమో. మా నాన్నగారు నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్నారు. చిన్నప్పుడు సెలవుల్లో మా చేత అలిఫ్, బే దిద్దించారు. అప్పుడు ఏడుస్తూ దిద్దాను. రియాద్‌లో దిగిన మొదటి వారంలోనే దుకాణాల బోర్డులు కూడబలుక్కుని చదువుతుంటే మా క్యాంపులో వాళ్ళు నన్ను పండితుణ్ణి చేసేశారు. నిజానికి నాకు అరబ్బీ రాదు, అక్షరాలు మాత్రమే వచ్చు. నవల పూర్తిగా చదివే శక్తి చివరి వరకూ రాలేదు, ఇంగ్లీషు అనువాదం పక్కన పెట్టుకుని తడుముకుంటూ చదివేవాణ్ణి. అయితే పుస్తకం రెండో పేజీ చదవడానికి అంత భాష అక్కర్లేదు. 'అత్తబఅ అల్ ఊలా' అంటే మొదటి ముద్రణ. 'అస్సానియా' అంటే రెండోది. అంకెలు కారు నంబరు ప్లేట్ల మీద, రియాల్ నోట్ల మీద చూసి నేర్చుకోవచ్చు. ఒక్కటే జాగ్రత్త: వాళ్ళ అయిదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, వాళ్ళ సున్నా ఒక చుక్క. ఈ తేడా తెలియక మొదట్లో నేను 1985ని 1980 అని చదివి సంబరపడ్డాను.

తారీఖులు మరో తమాషా. సౌదీలో అచ్చయిన పుస్తకం మీద హిజ్రీ సంవత్సరం ఉంటుంది. చాంద్రమాన సంవత్సరం మన లెక్కకంటే పదకొండు రోజులు తక్కువ కాబట్టి తేడా స్థిరంగా ఉండదు. నా స్టోరు కాలిక్యులేటర్‌లో నేను వాడిన సూత్రం ఇది: హిజ్రీ అంకెని 0.97తో గుణించి 622 కలపాలి. 1412 హిజ్రీ అంటే ఇంచుమించు 1991-92. బీరూట్‌లో అచ్చయిన పుస్తకానికి నెల పేరు 'కానూన్', 'నీసాన్' అని ఉంటుంది, కైరోలో అయితే అదే నెలలకి 'యనాయిర్', 'అబ్రీల్' అని వేస్తారు. నెల పేరు చూస్తేనే పుస్తకం ఊరు తెలుస్తుంది. ఈజిప్టు పుస్తకాల్లో ఇంకో సౌకర్యం ఉంది. అక్కడి జాతీయ గ్రంథాలయానికి ప్రతి పంపినప్పుడు ఇచ్చే డిపాజిట్ నంబరుని, సంవత్సరంతో సహా, పుస్తకంలో వేస్తారు. చాలాసార్లు అది చివరి పేజీలో ఉంటుంది. ముందు పేజీ చిరిగిపోయినా చివరి పేజీ చెప్పేస్తుంది. సౌదీలో అలాంటి డిపాజిట్ చట్టం 1992లో వచ్చింది, రియాద్‌లోని కింగ్ ఫహద్ జాతీయ గ్రంథాలయం దాన్ని చూస్తుంది.

మేం వెతికే చోటు హరాజ్. రియాద్ దక్షిణాన 'హరాజ్ ఇబ్న్ ఖాసిం' అని పాత సామాన్ల సంత ఉండేది. పాత ఫ్రిజ్‌లు, పరుపులు, తివాచీలు, వాటి మధ్య ఎక్కడో గోనెసంచిలో పుస్తకాలు. మనం 'హర్రాజు పాట' అంటామే, ఆ హర్రాజు ఈ హరాజే. ఉర్దూ గుండా మన ఊళ్ళకి వచ్చింది. అక్కడ తిరుగుతుంటే మన మాటలు చాలా ఎదురొస్తాయి. కితాబు, తారీఖు, జిల్దు. అన్నిటికంటే నాకు బాగా ఉపయోగపడినవి రెండు: 'అసలు', 'నకలు'. ఈ రెండూ అరబ్బీ మాటలే. బేరం సగం ఆ రెండు మాటలతోనే సాగేది. నేను పుస్తకం పైకెత్తి "అస్ల్?" అనేవాణ్ణి. అమ్మేవాడు గుండె మీద చెయ్యి పెట్టుకునేవాడు. ఆ చేతిని నమ్మకూడదని తెలుసుకోవడానికి నాకు ఆరువందల రియాళ్ళు ఖర్చయింది. ఆ కథ వస్తుంది, ముందు ఆ పుస్తకం గురించి చెప్పాలి.

సౌదీ నవల వయసు తక్కువ. 1930లో అబ్దుల్ ఖుద్దూస్ అల్ అన్సారీ రాసిన 'అత్తవ్అమాన్', అంటే 'కవలలు', మొదటిదంటారు. అది అచ్చయింది డమాస్కస్‌లో. 1959లో హామిద్ దమన్‌హూరీ రాసిన 'సమన్ అత్తద్‌హియా', 'త్యాగం వెల' అనుకోవచ్చు, నవలా లక్షణాలు పూర్తిగా ఉన్న తొలి సౌదీ నవలగా విమర్శకులు లెక్కేస్తారు. తర్వాత పేరు మోసిన వాటిలో చాలా భాగం బీరూట్‌లోనో లండన్‌లోనో అచ్చయ్యాయి. సౌదీ నవలల తొలి ముద్రణలు కావాలంటే సౌదీ బయట వెతకాలి! దేశం లోపల అచ్చయినవాటిలో అక్కడక్కడా దొరికేవి 'నాదీ అదబీ'ల పుస్తకాలు. 1975 నుంచి జెద్దా, రియాద్ వగైరా ఊళ్ళలో ఏర్పడిన సాహిత్య సంఘాలు ఇవి. కథల సంపుటాలు, నవలలు వేసేవారు. సన్నటి అట్టలు, సాదా డిజైన్లు. హరాజ్‌లో రెండు మూడు రియాళ్ళకి వచ్చేవి. వాటి మీద ఎవరికీ పోటీ ఉండేది కాదు.

పోటీ ఉన్నది అబ్దుర్రహ్మాన్ మునీఫ్‌కి. ఈయన 1933లో అమ్మాన్‌లో పుట్టాడు, తండ్రి నజ్ద్ ప్రాంతం వాడు. బెల్‌గ్రేడ్‌లో చమురు ఆర్థికశాస్త్రంలో డాక్టరేటు చేశాడు. రాజకీయాల వల్ల 1963లో సౌదీ పౌరసత్వం పోగొట్టుకున్నాడు. 2004 జనవరిలో డమాస్కస్‌లో చనిపోయాడు. 'ముదున్ అల్ మిల్హ్', ఉప్పు నగరాలు, అనే అయిదు భాగాల నవల రాశాడు. ఒయాసిస్సు పక్కన బతికే జనం మధ్యకి అమెరికన్ చమురు కంపెనీ రావడం, తోటలు కూలడం, రేవు పట్టణం లేవడం, నిన్నటి ఒంటెల కాపరి ఇవాళ్టి క్యాంపు కూలీ కావడం, ఇదంతా మొదటి భాగం 'అత్తీహ్'లో ఉంది. అది 1984లో బీరూట్‌లో వచ్చింది. రెండోది 1985లో, చివరి మూడూ 1989లో. పుస్తకం సౌదీలో నిషిద్ధంగా ఉండేది. పీటర్ థరూ ఇంగ్లీషు అనువాదం 1987లో రాండమ్ హౌస్ వేసింది. దాన్ని సమీక్షిస్తూ 1992లో అమితవ్ ఘోష్ 'పెట్రోఫిక్షన్' అనే వ్యాసం రాశాడు. చమురు ఇంతమంది బతుకుల్ని తలకిందులు చేస్తే, దాని మీద సాహిత్యం ఇంత తక్కువగా ఎందుకుందని ఆయన ప్రశ్న. ఆ వ్యాసం చదివాక క్యాంపులో బంకు మంచం మీద కూర్చుని, మునీఫ్ మొదటి ముద్రణ సంపాదించాలని నిశ్చయించుకున్నాను. ఆ క్యాంపుకీ ఆ నవలలోని క్యాంపుకీ పెద్ద తేడా నాకు కనపడలేదు. ఏసీ ఒకటి అదనం, అంతే.

2003లో ఒక శుక్రవారం హరాజ్‌లో, నా వేట తెలిసిన ఒకతను సంచి అడుగు నుంచి తీసి చూపించాడు. 'అత్తీహ్'. రెండో పేజీ తిప్పాను. అత్తబఅ అల్ ఊలా, 1984. గుండె మీద చెయ్యి. ఎనిమిది వందలు అన్నాడు, ఆరు వందలకి దిగాడు. నా జీతం అప్పుడు పద్ధెనిమిది వందలు. ఆ నెల ఇంటికి తక్కువ పంపాను, పాప స్కూలు ఫీజుకి మా బావమరిది దగ్గర చేబదులు తీసుకోవాల్సి వచ్చింది. పుస్తకం ఎంతయిందని మా ఆవిడ ఫోనులో అడిగితే అరవై అన్నాను. ఇవాళ ఈ రేడియో వింటుంటే గనక ఆమెకి సరైన అంకె తెలిసింది.

మా ఆఫీసులో లెక్కలు చూసే ఒక సౌదీ పెద్దాయన ఉండేవాడు. పేరు చెప్పను. పెద్దవాళ్ళని అక్కడ 'యా అమ్' అని పిలుస్తారు, బాబాయి అన్నట్టు. మా తెలుగువాళ్ళు అది విని అమ్మా అంటున్నావేమిట్రా అని నవ్వేవాళ్ళు. ఆయన చదువరి. నేను పుస్తకాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి తీసుకెళ్ళి, తలుపేసి, చూపించాను. ఆయన రెండో పేజీ చూడనే లేదు. పుస్తకాన్ని నిలబెట్టి, వెన్ను పైభాగంలోకి, కాగితాలు అతికే చోటుకి చూశాడు.

"దారం ఏది?" అన్నాడు.

లేదు. విడి కాగితాలకి గమ్ము పూసి అట్ట అతికించారు. ఆ రోజుల్లో తన ప్రతిని కుట్టారని, ఫారాలు ఫారాలుగా మడిచి దారంతో కుట్టారని చెప్పాడు. తర్వాత అట్టని వెలుగు కింద పెట్టమన్నాడు. బొమ్మ నిండా చుక్కలు. అచ్చయిన అట్టని మళ్ళీ ఫొటో తీసి అచ్చేస్తే చుక్క మీద చుక్క పడి బొమ్మ మసకబారుతుంది. లోపల అక్షరాలు కూడా అంచుల దగ్గర ఉబ్బి ఉన్నాయి. ఇవన్నీ ఆయన చెబుతున్నా నేను వాదిస్తూనే ఉన్నాను, ఆరు వందలు ఊరికే పోతాయా. చివరికి ఆయన వెనక అట్ట తిప్పి, వేలు పెట్టి చూపించాడు. అక్కడ రచయిత పుస్తకాల జాబితాలో 'ముదున్ అల్ మిల్హ్' అయిదు భాగాలూ పేర్లతో సహా ఉన్నాయి.

"యా అఖీ, నువ్వు స్టోర్ కీపర్‌వి. 1984లో వచ్చిన డబ్బా మీద 1989లో తయారైన సరుకు పేరు ఉంటుందా?"

అంతే. ఎవరో లోపలి పేజీలన్నీ మొదటి ముద్రణ నుంచి ఉన్నదున్నట్టు ఫొటో తీసి, అట్ట మాత్రం తర్వాతి ముద్రణది తగిలించారు. దొంగ ముద్రణలకి అరబ్ దేశాల్లో కొదవ లేదు, అవి ఎప్పుడూ రెండో పేజీలోని మాటల్నే నమ్మకంగా నకలు చేస్తాయి. కాబట్టి శ్రోతలు ఏ భాష పుస్తకమైనా సరే, రెండో పేజీ సాక్ష్యాన్ని చివర్లో అడగండి. ముందు వెన్ను చూడండి, దారమా గమ్మా. అట్టని భూతద్దం కింద పెట్టండి. వెనక ఉన్న ప్రకటనలు, జాబితాలు చదవండి. వాటిలో పుస్తకం తారీఖు తర్వాతి సంగతి ఒక్కటి ఉన్నా చాలు, ఆట ముగిసినట్టే. ధర చూడండి, ప్రెస్సు చిరునామా చూడండి. నా ఆరు వందల రియాళ్ళ చదువు ఇది.

మరి మీ ప్రతి ఎక్కడుందని బాబాయిని అడిగాను. బహ్రెయిన్‌లో అక్కగారింట్లో, అన్నాడు. 1986లో కింగ్ ఫహద్ వంతెన తెరిచాక నిషిద్ధ పుస్తకాలు కావాలనుకున్న సౌదీలు కారెక్కి బహ్రెయిన్ వెళ్ళేవారు, కొనేవారు, అక్కడే చదివేవారు. ఈయన సెలవులకి వెళ్ళినప్పుడల్లా తన పుస్తకాన్ని పలకరించి వచ్చేవాడు. వంతెన దాటించి ఇంటికి తెచ్చుకోలేదు.

'బనాత్ అర్రియాద్' వచ్చినప్పుడు నకలు అనే మాటకి నాకు మరో అర్థం తెలిసింది. రజా అస్సానిఅ అనే దంతవైద్య విద్యార్థిని రాసిన నవల, 2005లో బీరూట్‌లో దార్ అస్సాఖీ వేసింది. నలుగురు రియాద్ అమ్మాయిల ప్రేమలు, పెళ్ళిళ్ళు, ఈ-మెయిళ్ళ రూపంలో సాగుతుంది. రియాద్ దుకాణాల్లో అమ్మకానికి లేదు. అయినా ఊరంతా చదివింది. ఎలాగంటే, జిరాక్సు. మా ఆఫీసులోని కుర్రాళ్ళ దగ్గర స్పైరల్ బైండింగు చేసిన ఒక ప్రతి చేతులు మారుతుండేది. నా వంతు వచ్చేసరికి అంచులు నలిగిపోయి, మార్జిన్లలో నాలుగు రకాల చేతిరాతలు, ఒకచోట టీ మరక. దాన్ని తిరిగి ఇవ్వబోతే, వద్దు, అందరం చదివేశాం ఉంచుకో అన్నారు. బజారు లెక్కల్లో దానికి విలువ లేదు, జిరాక్సు కాగితాన్ని తొలి ముద్రణల కేటలాగులో ఎవరూ రాయరు. ఆ పుస్తకం పుట్టినప్పుడు దాని సొంత ఊరు దాన్ని ఎలా చదివిందో చెప్పే వస్తువు మాత్రం అదే, మెరిసే అట్టతో ఉన్న బీరూట్ ప్రతి చెప్పలేదు. రెండూ దాచాను, జిరాక్సునే ముందు వరసలో పెట్టాను.

ఆ నవల అట్ట మీద మెచ్చుకోలు మాట రాసినవాడు గాజీ అల్ గొసైబీ. ఈ పేరు మన గల్ఫ్ కార్మికులకి తెలియాలి. 2000ల నడుమ నుంచి చనిపోయేదాకా ఆయన సౌదీ కార్మిక మంత్రి. మన వీసాలు, 'సౌదీకరణ' కోటాలు, ఏ ఉద్యోగంలో విదేశీయుడు ఉండాలో వద్దో, అన్నీ ఆయన బల్ల మీదే తేలేవి. ఆ మంత్రిగారు కవి, నవలాకారుడు కూడా. కైరోలో చదువుకునే గల్ఫ్ కుర్రాళ్ళ మీద 'షఖ్ఖత్ అల్ హుర్రియా' అనే నవల 1994లో ప్రచురించాడు. ఆయన మంత్రిగా ఉన్న దేశంలోనే ఆయన పుస్తకాల మీద నిషేధం! 2010లో ఆ నిషేధం ఎత్తేశారు, కొద్ది రోజులకే ఆగస్టులో ఆయన కన్నుమూశాడు. ఆయన సంతకం ఉన్న కాగితాలు మా కంపెనీ ఫైళ్ళలో ఉంటాయేమోనని, సంతకం ప్రతి కింద లెక్క వస్తుందా అని నేను బాబాయితో హాస్యమాడేవాణ్ణి.

రియాద్ అంతర్జాతీయ పుస్తక ప్రదర్శన సంస్కృతి, సమాచార శాఖ చేతికి వచ్చాక కొత్త పుస్తకాల సంగతి తేలికయింది. బీరూట్, కైరో ప్రచురణకర్తలు స్టాళ్ళు పెట్టేవారు. అరబ్బీ నవలకిచ్చే అంతర్జాతీయ బహుమతి 2008 నుంచి మొదలైంది. దాన్ని 2010లో అబ్దు ఖాల్, 2011లో మక్కాలో పుట్టిన రజా ఆలం, మరొకరితో పంచుకుని, 2017లో ముహమ్మద్ హసన్ అల్వాన్ గెలుచుకున్నారు. ముగ్గురూ సౌదీలే. సేకరించేవాడికి ఇందులో ఒక పాఠం ఉంది. బహుమతి ప్రకటించిన నాటి నుంచి వచ్చే ముద్రణల అట్ట మీద ఆ సంగతి వేస్తారు. బహుమతి పేరు అట్ట మీదే అచ్చయి ఉంటే అది మొదటి ముద్రణ కాదన్నమాట. ప్రకటనకి ముందు చప్పుడు లేకుండా వచ్చిన మామూలు అట్ట ప్రతి కావాలి. రజా ఆలం 'తౌఖ్ అల్ హమామ్' నాకు అలాగే దొరికింది. ఎవరూ అడగని రోజుల్లో, పూర్తి ధరకి, కొత్త పుస్తకంగా. తెలివైన సేకరణ అంటే నిజానికి ఇదే. పాత పుస్తకం వెంట పడి ఆరు వందలు పోసే కంటే, ఇవాళ వచ్చిన కొత్త నవలని ఇవాళే కొని శుభ్రంగా దాచుకోవడం.

ఇంగ్లీషు పుస్తకాలు కొనేవాళ్ళకి ఒక చిన్న కిటుకు చెప్పి ముందుకెళతాను. వాటి రెండో పేజీలో అంకెల వరస ఉంటుంది. ముద్రణ మారినప్పుడల్లా ఒక అంకె చెరిపేస్తారు. ఒకటి ఉంటే మొదటి ముద్రణ. రాండమ్ హౌస్ వాళ్ళు మాత్రం చాలా ఏళ్ళు దీన్ని తిరగేసి వాడారు. 'ఫస్ట్ ఎడిషన్' అనే మాట ఉండి, వరసలో అతి చిన్న అంకె రెండు అయితే అదే మొదటి ముద్రణ. రెండో ముద్రణకి ఆ మాట తీసేసేవారు. ఇది తెలియక అంకె రెండు చూసి, అసలైనదాన్ని పక్కన పడేసినవాళ్ళు ఉన్నారు.

అసలు తొలి ముద్రణ అంటే పుస్తకమేనా అనే సందేహం కూడా వస్తుంది. నజీబ్ మహ్‌ఫూజ్ 'అవ్లాద్ హారతినా' 1959లో కైరోలో అల్ అహ్రామ్ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. మతపెద్దల అభ్యంతరంతో ఈజిప్టులో పుస్తకం కాలేదు. 1967లో బీరూట్‌లో దార్ అల్ ఆదాబ్ వేసింది, ఈజిప్టులో 2006లో గాని రాలేదు. మరి తొలి ముద్రణ ఏది? నన్నడిగితే ఆ దినపత్రిక కాగితాలే. సూడాన్ రచయిత తయ్యిబ్ సాలిహ్ ప్రసిద్ధ నవల 'మౌసిమ్ అల్ హిజ్రా ఇలష్షిమాల్' కూడా 1966లో బీరూట్ పత్రిక 'హివార్'లో ముందు వచ్చింది. మన వాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. మన ఇళ్ళలో అమ్మలు, పిన్నులు వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి దాచుకున్న కట్టలు ఉంటాయి. బొమ్మలతో సహా. పుస్తకంగా వచ్చినప్పుడు ఆ బొమ్మలు పోతాయి, ఒక్కోసారి రచయిత ముగింపే మార్చేస్తాడు. తూకానికి అమ్మేసే ముందు ఆ కట్టల వంక ఒకసారి చూడండి.

సౌదీ మీద మన దేశపు నవల ఒకటి చెప్పకపోతే ఈ ప్రసంగం అసంపూర్తి అవుతుంది. బెన్యామిన్ మలయాళంలో రాసిన 'ఆడుజీవితం'. ఎడారిలో మేకల మధ్య ఇరుక్కుపోయిన మలయాళీ కార్మికుడి కథ. 2008లో త్రిశూర్‌లో గ్రీన్ బుక్స్ వేసింది. వంద ముద్రణలు దాటింది. 2012లో ఇంగ్లీషులో పెంగ్విన్ తెచ్చింది, తెలుగులో స్వర్ణ కిలారి అనువాదం 'మేక బతుకు' పేరుతో వచ్చింది, 2024లో సినిమా వచ్చింది. వంద ముద్రణలు పోయిన పుస్తకానికి మొదటి ముద్రణ దొరకడం ఎంత కష్టమో ఊహించండి. నాతో గది పంచుకున్న మలయాళీ సోదరుడు 2009లో సెలవు నుంచి వస్తూ తెచ్చుకున్న ప్రతి మొదటిదో కాదో ఇద్దరం కలిసి తేల్చాం. నాకు మలయాళం రాదు, అతనికి ముద్రణల గొడవ తెలియదు. మొదటిది కాదు. అతను ఏమీ బాధపడలేదు. "చేట్టా, ఇది చదివి నేను మూడు రాత్రులు నిద్రపోలేదు, ఎన్నో ముద్రణ అయితే ఏమిటి" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

దాచడం గురించి రెండు మాటలు. రియాద్ పొడి ఊరు. ఫంగస్ రాదు, కానీ గమ్ము ఎండి బీటలిస్తుంది, పుస్తకం పూర్తిగా తెరిస్తే టప్పున విరుగుతుంది. జెద్దా, దమ్మాం తేమ ఊళ్ళు, అక్కడ బూజు. మన ఊళ్ళో చెదలు, వెండిపురుగు. తాళపత్రాల మధ్య మన పెద్దలు వేపాకు, వస కొమ్ము పెట్టేవారు, నేను ఇప్పటికీ అలమరలో అవే పెడతాను. సెల్లోటేపు వద్దు, పదేళ్ళలో పసుపు మరక అవుతుంది. పేరు రాయాలనిపిస్తే పెన్సిలుతో రాయండి. నేల మీద పెట్టకండి. 2000 ఆగస్టు వరదల్లో హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్ళొచ్చి ఎన్ని అపురూపమైన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు తడిశాయో అక్కడి వాళ్ళని అడిగితే చెబుతారు.

2014లో నాకు ఫైనల్ ఎగ్జిట్ పడింది. ముప్పై కిలోల సామాను. పదహారేళ్ళ తర్వాత ఇంటికి వెళ్ళేవాడి పెట్టెలో ఏముండాలో మీకు తెలుసు. దుప్పట్లు, సెంట్లు, ఖర్జూరాలు, అందరికీ ఏదో ఒకటి. మా గదిలో తూకం మిషను మీద పెట్టె పెడుతూ, తీస్తూ రాత్రంతా గడిపాను. పుస్తకాలకి పదకొండు కిలోలు మిగిలాయి. నాదీ అదబీ పుస్తకాలు సగం వదిలేశాను, ఇప్పటికీ వాటి పేర్లు గుర్తొస్తాయి. 'తౌఖ్ అల్ హమామ్' పెట్టాను, స్పైరల్ 'బనాత్' పెట్టాను.

ఆ దొంగ 'అత్తీహ్'ని మాత్రం ఏం చేయాలో తోచలేదు. విమానాశ్రయంలో ఆ పేరు ఎవరి కంటనైనా పడితే అదో తలనొప్పి. పారేయబుద్ధి కాలేదు. చివరి రోజు వీడ్కోలు చెప్పడానికి బాబాయి దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయనే అడిగాడు, అది ఇంకా ఉందా అని. ఉందన్నాను.

"నాకివ్వు. అసలుది అక్కడుంది. చదువుకోవడానికి ఇక్కడ నా దగ్గర ఏదీ లేదు."

న్యూస్‌పేపర్లో చుట్టి ఇచ్చాను. ఆయన సొరుగులో పెట్టి తాళం వేసుకున్నాడు. ఎంతకి కొన్నావు అని ఆయన మళ్ళీ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మీలో ఎవరింట్లోనైనా గల్ఫ్ నుంచి వచ్చిన పాత ట్రంకు పెట్టెల్లో అరబ్బీ అక్షరాల పుస్తకాలు ఉంటే, చాలామంది అవి మతగ్రంథాలేమో అని ముట్టుకోకుండా పైన పెట్టేస్తారు. కొన్ని నవలలై ఉండొచ్చు. రెండో పేజీ, వెన్ను, వెనక అట్ట మూడూ ఫొటో తీసి ఈ రేడియో వాళ్ళకి పంపితే నేను చదివి చెబుతాను. సెలవు.